పటంలో నిద్రపోతున్న పిల్ల

మొన్న మా కోడలు తెనాలి బజారుకు వెళ్ళి పెట్టుబడి చీరలు కొనుక్కొచ్చి, చూడండత్తయ్యా అంటూ సంచి తెచ్చి నా మంచం మీద పెట్టింది. నేను చీరల వంక చూడనే లేదు, సంచినే చూస్తూ ఉండిపోయాను. తెల్లటి గుడ్డసంచి మీద రంగుల్లో అచ్చు వేసిన బొమ్మ. పంటకాలవ గట్టు మీద ఒక నల్లని మనిషి కూర్చుని ఉంది, మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన చీర, పిక్కల మీద ఎండిపోయిన బురద, పక్కన మూతపెట్టిన సత్తుగిన్నె, వెనక నీళ్ళు నిలిచిన మడి, ఆ నీళ్ళలో మబ్బు. ఆమె ఒళ్ళో ఉండవలసిన పిల్ల మీదుగా మాత్రం కొట్టు పేరూ, కింద మూడు బ్రాంచీల పేర్లూ ఎర్రటి అక్షరాలతో వేసేశారు. ఆ అక్షరాల కింద నుంచి రెండు చిన్న పాదాలు కనపడుతున్నాయి. ఏంటత్తయ్యా అలా అయిపోయారు, రంగులు నచ్చలేదా అని కోడలు అడిగింది. నచ్చాయమ్మా అని చెప్పి, చీరలు ఆమెకిచ్చేసి సంచి మడిచి దిండు కింద పెట్టుకున్నాను. అప్పటి నుంచీ ఇదంతా ఎవరికైనా చెప్పుకోవాలని ఉంది. నా వయసువాళ్ళయితే ఓపిగ్గా వింటారు.

ఆ బొమ్మ వేసింది మా మేనమామ. దాని పేరు 'విశ్రాంతి'. ఇప్పుడు క్యాలెండర్ల మీదా శుభాకాంక్షల కార్డుల మీదా సంచుల మీదా ఎక్కడ చూసినా అదే, మా ప్రాంతానికి అదొక గుర్తయిపోయింది. కానీ దాన్ని వేస్తున్నప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే.

మావయ్య తెనాలిలో డ్రాయింగు మాష్టారుగా చేసి, ఉద్యోగం విరమించాక కాలవ పక్కనున్న సొంతింటి పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని బొమ్మలు వేసుకునేవాడు. ఆ షెడ్డులోకి అడుగుపెడితే అవిసె నూనె వాసనా, టర్పెంటైన్ వాసనా, జిగురు ఉడికించిన వాసనా కలిసి ముక్కుకు కొట్టేవి. అత్తయ్య అన్నం అక్కడికి తీసుకురానని ఒట్టు పెట్టుకుంది. తెనాలి అంటే నాటకాల ఊరు కాబట్టి ఆయన చేతికి తెరల పని ఎప్పుడూ ఉండేది, అడవి తెర, దర్బారు తెర, వీధి తెర అంటూ పెరడంతా పరిచి వేసేవాడు, మేము ఆ దర్బారు చుట్టూ తిరిగి నూతి దగ్గరకు వెళ్ళేవాళ్ళం. అవి కాక, చనిపోయినవాళ్ళ చిన్న ఫొటోలు పట్టుకొచ్చి పెద్ద పటాలు వేయించుకునేవాళ్ళు వచ్చేవాళ్ళు. ఆ పని ఆయనకు కష్టంగా ఉండేది. ఒకాయన వాళ్ళ నాన్నగారి ఫొటో తెచ్చి, రంగు కాస్త తేల్చి, ఒక కోటు కూడా తొడగమన్నాడు.

"మీ నాన్నగారు కోటు వేసుకునేవారా?" అని అడిగాడు మావయ్య.

"లేదండి, కానీ బాగుంటుంది కదండి."

"బాగానే ఉంటుంది. కానీ అందులో మీ నాన్నగారు ఉండరు" అని ఫొటో తిరిగి చేతిలో పెట్టేశాడు. వంటింట్లోంచి అత్తయ్య గిన్నె గట్టిగా పెట్టిన చప్పుడు వినిపించింది.

ఉన్నది ఉన్నట్టు వెయ్యాలి, కంటితో చూసినదే వెయ్యాలి, చూడనిది వెయ్యకూడదు, ఆయన చెప్పే పాఠం అంతే. ఎనభైల మొదట్లో నేను డిగ్రీ పూర్తి చేసి, సంబంధాలు కుదరక, డ్రాయింగు పరీక్షలు రాసి టీచరునవుదామని ఆయన దగ్గర నేర్చుకోవడానికి వెళ్ళి తెనాలిలో ఉండిపోయిన రోజుల్లో, ఒక కూజానే నాచేత నెలరోజులు వేయించాడు. కూజాకు పగులుందమ్మా, అది ఎక్కడుంది నీ బొమ్మలో అనేవాడు. పగులు అందంగా లేదు మావయ్యా అంటే, నిన్ను అందం ఎవరడిగారు అనేవాడు.

తెరల పని లేని రోజుల్లో ఆయన మడత స్టూలూ రంగుల పెట్టె తీసుకుని రేపల్లె పాసింజరెక్కేవాడు. అక్కడితో రైలు పట్టాలు అయిపోతాయి, ఆ తర్వాత ఏరూ సముద్రమూను. ఆ వైపు పొలాలంటే ఆయనకు ఎందుకో పిచ్చి. ఒకరోజు సాయంత్రం వచ్చి, నాట్లు వేసే ఆడవాళ్ళలో ఒకామెను చూశాను, పిల్లను ఒళ్ళో వేసుకుని గట్టు మీద కూర్చుంది, అలాంటి కూర్చోవడం నేనెక్కడా చూడలేదు అని అత్తయ్యతో చెప్పాడు. మర్నాడు వెళ్ళి ఆమెనూ ఆమె మొగుణ్ణీ అడిగి, నాలుగు రోజులు కూర్చోవడానికి ఒప్పించి వచ్చాడు, పొలం కూలి పోకుండా తానే ఇస్తానన్నాడు. అయితే అత్తయ్య ఊరుకోలేదు. మీరొక్కరూ వెళ్ళి ఒక ఆడమనిషి ఎదురుగా నాలుగు రోజులు కూర్చుంటే ఊరు ఏమనుకుంటుంది, అమ్మాయిని తీసుకెళ్ళండి అంది. అలా నేను వెళ్ళాను. నా పని ఆమెకు తోడుండడం, పిల్లను కదలకుండా చూడడం.

ఆమెకప్పుడు పాతికేళ్ళుంటాయేమో. మాలాగే ఏసు గుడికి వెళ్ళే కుటుంబం, ఆదివారం పాటల్లో ఆమె గొంతే ముందు లేస్తుందని పక్కవాళ్ళు చెప్పారు. మావయ్యను మేష్టారూ అనీ, నన్ను అమ్మాయిగారూ అనీ పిలిచేది. నేను అక్కా అంటే మొదటిరోజు సిగ్గుపడి, రెండో రోజు నుంచి పలికింది. పిల్లకు మూడేళ్ళు. ఆ మూడేళ్ళ పిల్లను నిలబెట్టడం ఎంత కష్టమో నాకు ఆ నాలుగు రోజుల్లో తెలిసింది. మరమరాల ఉండలు పెట్టేదాన్ని, గట్టు మీద పీతబొరియలు చూపించేదాన్ని, ఉండ చేతికి రాగానే నా మొహంలోకి ఒకసారి చూసి, ఇంకోటి ఉందా అన్నట్టు రెండో చెయ్యి కూడా చాచేది. చివరికి మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆడి ఆడి అలిసి, తల్లి ఒళ్ళో అడ్డంగా పడి నిద్రపోయేది. ఒక పిడికిట్లో తల్లి పైట చెంగు, మోకాలి మీద ఎక్కడో పడి చెక్కు కట్టిన దెబ్బ, నోరు తెరుచుకుని గాఢంగా నిద్ర. ఈగ వాలుతుందేమోనని తల్లి వేలితో ఆ గడ్డం కింద మెల్లిగా తట్టి నోరు మూసేది, మళ్ళీ తెరుచుకునేది, మళ్ళీ మూసేది. కదలకమ్మా అని మావయ్య విసుక్కునేవాడు. ఆయన ఆ పిల్ల నిద్రపోతున్నప్పుడే వేశాడు, ఎందుకంటే లేచి ఉన్నప్పుడు ఆ పిల్ల ఎప్పుడూ ఆయన ఎదురుగా లేదు, ఎప్పుడూ నా దగ్గరే ఉంది.

మూడో రోజు ఆమె ధైర్యం చేసి అడిగింది.

"మేష్టారూ, కళ్ళు తెరిచి ఉంటే బాగుండేది కదండీ. మా పిల్లకు కళ్ళే బాగుంటాయండి."

"నిద్రపోతోంది కదమ్మా."

"లేచాక వెయ్యండి."

"లేచాక ఉంటుందా ఇక్కడ? మా మేనకోడల్ని చూడు, ఎన్ని తిప్పలు పడుతోందో."

ఆమె నవ్వింది. మావయ్య కూడా నవ్వాడు. నాలుగో రోజు సామాను సర్దుకుంటుంటే, అయ్యాక ఒకసారి నాకు చూపిస్తారా అండీ అంది. నేనే తీసుకొచ్చి చూపిస్తానమ్మా అని మావయ్య మాటిచ్చాడు.

అక్కడ వేసింది సగమే. మిగతాది తెనాలి షెడ్డులో నెలల తరబడి వేశాడు. ఈ లోపల నాకు బాపట్లలో ఒక మిషను స్కూల్లో డ్రాయింగు టీచరు ఉద్యోగం వచ్చింది, పెళ్ళీ కుదిరింది, ఇసకనేలల్లో జీడిమామిడి తోపుల పక్కన అద్దెకు ఇల్లు తీసుకుని అక్కడే స్థిరపడ్డాం. బాపట్లలో అప్పుడొక పాత బంగళాలో చిన్న మ్యూజియం ఉండేది, రాతి విగ్రహాలూ పాత నాణేలూ, ఒక గది నిండా బొమ్మలూను. మావయ్య బొమ్మను ఎవరో చెప్పగా విని మ్యూజియం వాళ్ళు వచ్చి చూసి, అక్కడికక్కడే తీసుకుంటామన్నారు. అంత పెద్ద గౌరవం ఆయనకు అంతకు ముందు ఎవరూ చెయ్యలేదు. పేపర్లో వేశారు, సన్మానం చేశారు, శాలువా అత్తయ్య బీరువాలో పెట్టింది. మా స్కూలు పిల్లల్ని ఏడాదికోసారి అక్కడికి తీసుకెళ్ళి, ఇది మా మావయ్య వేసింది అని చెప్పుకుని మురిసిపోయేదాన్ని.

ఒక్కటే ఎవరికీ అర్థం కాలేదు. ఆ బొమ్మ తర్వాత మావయ్య మనుషుల్ని వెయ్యడం మానేశాడు. కాలవలు వేశాడు, పడవలు వేశాడు, తాటిచెట్లు వేశాడు, తెరలు వేశాడు. మనిషి లేడు. వయసు మీద పడింది, చూపు ఆనడం లేదేమో అనుకున్నాం.

కొన్నేళ్ళకు ఆయనకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఎండాకాలం సెలవులకు నేను తెనాలి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నప్పుడు, మాట ముద్దగా వస్తున్నా కూడబలుక్కుని అప్పుడు చెప్పాడు. బొమ్మ పూర్తయి మ్యూజియానికి వెళ్ళిన నెలలోనే ఆమెను పిలుచుకెళ్ళి చూపిద్దామని రేపల్లె వెళ్ళాడట. వీధి మొదట్లోనే ఎవరో ముసలమ్మ ఎదురై, ఎవరింటికి నాయనా అని అడిగి, ఆ పిల్ల జ్వరమొచ్చి పోయిందిగా, పది రోజులు కాలేదు అని చెప్పిందట. ఆయన ఇంకొక్క అడుగు ముందుకు వెయ్యలేక, అటునుంచి అటే స్టేషనుకొచ్చి రైలెక్కేశాడట. ఆమె దగ్గర ఆ పిల్లది ఒక్క ఫొటో కూడా ఉండదమ్మా, వాళ్ళెక్కడ తీయిస్తారు, ఆ ముఖం ఉన్నది నా బొమ్మలో ఒక్కచోటే, అది తీసుకెళ్ళి నేను గోడకు తగిలించుకోమని ఊరందరికీ ఇచ్చాను, ఆమెకు ఇవ్వలేదు అని ఏడ్చాడు. మా మావయ్య ఏడవడం నేను చూడడం అదే మొదలు. ఆ బొమ్మ వెనక్కి ఇప్పించి ఆమెకు చేర్చమని ఎడమచేత్తో అడ్డదిడ్డంగా ఒక ఉత్తరం రాసి నా చేతికిచ్చాడు.

బాపట్ల వచ్చి మ్యూజియం ఆఫీసరు గారికి ఆ ఉత్తరం ఇచ్చాను. ఆయన మంచిమనిషి. రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, అమ్మా, నా సొంతమైతే ఈ సాయంత్రమే పంపేవాణ్ణి, మ్యూజియంలోకి వచ్చిన వస్తువు బయటికి పంపే అధికారం నాకు లేదు అన్నాడు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, మీరు బొమ్మలు వేస్తారు కదా, చూసి వేసుకోండి, దానికి అనుమతి నేనిస్తాను అన్నాడు. మావయ్యకు చెప్తే, నా చెయ్యి పోయింది, నువ్వు వెయ్యి అన్నాడు.

అలా ఐదారు నెలలపాటు ప్రతి ఆదివారం గుడి అయ్యాక ఇంటికొచ్చి ఇంత తిని, మ్యూజియానికి వెళ్ళి ఆ బొమ్మ ముందు కూర్చున్నాను. అక్కడ కాపలా ఉండే పెద్దాయన మొదట్లో నన్ను అనుమానంగా చూసేవాడు, తర్వాత తర్వాత తన స్టూలు నాకిచ్చి తాను మెట్ల మీద కూర్చునేవాడు. నూనెరంగులు అక్కడ వాడకూడదని నిబంధన కాబట్టి పెన్సిలుతోనూ నీళ్ళరంగులతోనూ రాసుకుని, ఇంట్లో క్యాన్వాసు మీద ఎక్కించుకునేదాన్ని. తల్లిని వదిలేసి, పిల్లను మటుకు వేద్దామనుకున్నాను. ఆ నెలల్లో మావయ్య దగ్గర ఏళ్ళ తరబడి నేర్చుకోనిది నేర్చుకున్నాను. ఆ పిడికిట్లో బొటనవేలు లోపలికి మడిచి ఉందని నేను ఎన్నిసార్లు చూసినా గమనించలేదు, వేస్తుంటేనే తెలిసింది. మోకాలి మీద చెక్కు చివర ఒక ఆవగింజంత చోట అప్పుడే ఊడి కింద కొత్త చర్మం లేతగా కనపడుతోంది. అంత మాత్రం చోటు కోసం ఆయన ఎంతసేపు చూసి ఉంటాడు! ఆయన వేసింది ఇంత శ్రద్ధగానా అనిపించి, కూజా పగులు దగ్గర ఆయనతో వాదించినందుకు సిగ్గేసింది.

అయినా నేనొక పని చేశాను. ఆమె అడిగింది కళ్ళు కదా అనుకున్నాను. మావయ్య చూడలేదు గానీ నేను చూశాను, నాలుగు రోజులూ ఆ కళ్ళు నన్నే చూశాయి. ఆమె కోరిక తీర్చాలన్నది నిజమే, కానీ దాని వెనక మావయ్య వెయ్యలేనిది నేను వేస్తున్నానన్న గర్వం కూడా కాస్త ఉంది, ఇన్నేళ్ళకు దాచడమెందుకు. పిల్ల తల తల్లి మోచేతి మీద నుంచి కాస్త లేపి, నోరు మూసి, కళ్ళు తెరిపించాను. చేతిలో మరమరాల ఉండ పెట్టాను. బొమ్మ ముచ్చటగా వచ్చింది, మా ఆయన చూసి మాట్లాడేట్టుందే అన్నాడు.

మావయ్య కోప్పడతాడని భయపడుతూనే తెనాలి తీసుకెళ్ళాను. ఆయన మంచం ఎదురుగా పెట్టించుకుని చాలాసేపు చూశాడు.

"ఈ కళ్ళు నేను చూడలేదు. నువ్వు చూశావా?"

"చూశాను మావయ్యా."

"అయితే సరే" అన్నాడు. ఆ మాట నాకు ఏ సన్మానం కన్నా ఎక్కువనిపించింది.

ఆ తర్వాతి ఆదివారం రేపల్లె వెళ్ళాను. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఆమె వాకిట్లో గంప ముందేసుకుని చిక్కుడుకాయలు ఏరుతోంది. మనిషి చిక్కిపోయింది. పక్కన ఐదేళ్ళ కొడుకు ఆడుకుంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడి, ఒక్క నిమిషం చూసి, మా పిల్లకు ఉండలు పెట్టిన అమ్మాయిగారు కదండీ అంది. మావయ్య సంగతి చెప్పాను, ఆయన వీధి మొదటిదాకా వచ్చి వెళ్ళిపోయాడని కూడా చెప్పాను. గుడ్డ విప్పి బొమ్మ చేతికిచ్చాను. ఒళ్ళో పెట్టుకుని చూసింది. మబ్బు పట్టిన రోజు, వెలుగు చాలక వాకిలి చివరకంటా వెళ్ళి మళ్ళీ చూసింది.

"బాగుందండి" అంది చివరికి.

ఆ మాట అన్న తీరుకు నాకేదో అనుమానం వచ్చింది. "నిజం చెప్పక్కా" అన్నాను.

"మా పిల్ల కాదండి" అంది, తప్పు చేసినదానిలా నేల చూస్తూ. "ఏమనుకోకండి. చాలా కష్టపడి వేశారు. చెవులూ, నుదురూ అన్నీ దానివే అనిపిస్తాయండి, అన్నీ కలిపి చూస్తే మటుకు అది కాదండి."

తీసుకెళ్ళిపోతానక్కా అని చెయ్యి చాచాను. ఆమె ఇవ్వలేదు. "వద్దండి, ఉంచుకుంటాను. ఎవరి బిడ్డో గానీ ముద్దుగా ఉంది" అని లోపలికి తీసుకెళ్ళి, క్యాలెండరు తగిలించిన మేకు దగ్గర ఆనించి పెట్టింది. వచ్చేటప్పుడు ఎవరో కొల్లూరు నుంచి తెచ్చిచ్చిన అరటిపళ్ళు, వద్దంటున్నా వినకుండా నా సంచిలో పెట్టింది.

రైల్లో కూర్చుని ఏడ్చాను. తెనాలిలో దిగి మావయ్య దగ్గరకు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. "నేనూ పొరబడ్డాను. నువ్వు చూశావు, అబద్ధం కాదు. కానీ చూసిన ఎనిమిదేళ్ళకు వేశావు" అన్నాడు. తర్వాత దుప్పటి తోసేసి, చక్రాల కుర్చీ ఎక్కడుందని అడిగాడు. "ఆమెను తీసుకురా. బాపట్ల వెళ్దాం. చూపిస్తానన్నది నేను కదా." అత్తయ్య ఈ ఒంటితో రైలా అని లబలబలాడింది, ఆయన వినలేదు.

నేను కబురు పెడితే మరో వారానికి ఆమె కొడుకును వెంటబెట్టుకుని రేపల్లె బండిలో తెనాలి వచ్చింది. మావయ్యనూ కుర్చీనీ ఇద్దరు పోర్టర్లు బాపట్ల పాసింజరెక్కించారు. ఆయన్ను చూడగానే ఆమె నమస్కారం పెట్టింది, ఆయన కుడిచెయ్యి లేవక ఎడమచెయ్యి ఎత్తాడు. పొన్నూరు దాటేదాకా ఇద్దరూ కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నారు. అప్పుడు మావయ్య అన్నాడు.

"నేను రావలసింది తల్లీ. వీధి దాకా వచ్చి కూడా రాలేకపోయాను."

"వస్తే మాత్రం ఏం చేసేవారు లెండి మేష్టారూ" అంది ఆమె. "ఆ రోజుల్లో నేను మనిషిలో లేనండి. మీరొచ్చి ఎదురుగా నిలబడినా నాకు తెలిసేది కాదు."

మ్యూజియం మెట్ల దగ్గర కాపలా పెద్దాయనా నేనూ పట్టుకుని మావయ్యను కుర్చీతో సహా లోపలికి చేర్చాం. ఆమె చెప్పులు బయటే విడిచి వచ్చింది, విడవక్కర్లేదమ్మా అని పెద్దాయన అన్నా వినలేదు. బొమ్మ ముందుకు రాగానే ఆగిపోయింది. ఏడుస్తుందని నేను భయపడుతున్నాను. ఆమె ఏడవలేదు. దగ్గరగా వెళ్ళి, పిల్ల పాదాల దగ్గర నుంచి మొదలుపెట్టి పైకి చూసుకుంటూ వచ్చింది. మోకాలి దగ్గర ఆగింది. "ఇది నూతి గట్టు మీద పడిందండి. గోకొద్దని ఎన్నిసార్లు కొట్టానో" అంది. పిడికిలి చూసింది. ముఖం దాకా వచ్చేసరికి ఆమె వేలు తనంతట తానే లేచి ఆ గడ్డం కిందకి వెళ్ళింది, నోరు మూయడానికి.

ముట్టుకోకూడదని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నేను పెద్దాయన వంక చూశాను. ఆయన తల తిప్పుకుని కిటికీ తలుపు గడియ సరిచేస్తున్నాడు.

"నోరు తెరుచుకునే పడుకునేదండి" అంది ఆమె, ఎవరితోనో చెప్పినట్టు. "ఎన్నిసార్లు మూసినా అంతే. ఇదేనండి మా పిల్ల." అప్పుడు కూలబడి, ఆ నేల మీదే కూర్చుంది. కొడుకు వచ్చి ఆమె భుజం పట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపటికి తల ఎత్తి, తన బొమ్మను అప్పుడే చూసినట్టు, నేనింత నల్లగా ఉంటానా మేష్టారూ అని అడిగింది. ఉంటావమ్మా అన్నాడు మావయ్య. ఇద్దరూ నవ్వారు, ఆనాడు గట్టు మీద నవ్వినట్టే, కాకపోతే మావయ్య నవ్వు ఒక పక్కకే వచ్చింది.

ఇది నీ ఇంట్లో ఉండవలసింది, ఇప్పించలేకపోయాను అని ఆయన మళ్ళీ మొదలుపెడితే ఆమె అడ్డుపడింది. "మా ఇంట్లో ఎక్కడ పెడతానండీ, వానొస్తే మా మంచాలే తడుస్తాయి. ఇక్కడైతే తడవదు."

గుమ్మం దగ్గర, బొమ్మలు చూసినవాళ్ళు వెళ్ళేముందు సంతకం చేసే పుస్తకం ఉంది. పెద్దాయన ఎప్పుడూ ఎవర్నీ బలవంతం చెయ్యడు గానీ ఆ రోజు తానే తెరిచి ఆమె ముందు పెట్టాడు. ఆమె మెల్లగా సంతకం చేసింది. పక్కన అభిప్రాయం అన్న గడి చూపించి, ఇక్కడేం రాయాలండీ అంది. నీకేమనిపిస్తే అది చెప్పక్కా, నేను రాస్తానన్నాను. ఆమె కొంచెం ఆలోచించి చెప్పింది, నేను రాశాను. "మా అమ్మాయి ఇక్కడ ఉంది. జాగ్రత్తగా చూసుకోండి."

మావయ్య ఆ తర్వాత ఏడాది కూడా బతకలేదు. పోయేముందు ఎడమచేత్తో మళ్ళీ మనుషుల్ని వెయ్యడం మొదలుపెట్టాడు. అత్తయ్యను వేశాడు, పాలుపోసే మనిషిని వేశాడు, గీతలు వంకరటింకరగా ఉండేవి, అయినా పోలిక తప్పేది కాదు. ఆ కాగితాలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆయన తెరలు మాత్రం ఒక్కటీ మిగల్లేదు, నాటకాలు తగ్గాక చిరిగినవి చిరిగినట్టు వరికుప్పల మీద కప్పుకోవడానికి పట్టుకెళ్ళారు.

ఆమె ఏటా వానలు మొదలయ్యే ముందు ఒకసారి బాపట్ల వచ్చేది. మా ఇంట్లో భోంచేసి, మ్యూజియంలో ఒక గంట కూర్చుని, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేది. కాపలా పెద్దాయన ఆమె కోసం స్టూలు తుడిచి ఉంచేవాడు. తొంభైల చివర్లో మా ఆయనకు బదిలీ అయి మేము బాపట్ల వదిలేశాం, ఆ రాకపోకలు ఆగిపోయాయి. ఒకటి రెండుసార్లు రేపల్లె వెళ్ళినప్పుడు చూశాను, నా బొమ్మ ఆ ఇంటి గోడ మీదే ఉంది. కొడుకు పెద్దవాడయ్యాడు, వచ్చినవాళ్ళకు మా అక్క అని దాన్నే చూపిస్తున్నాడు. ఆమె వింటూ ఊరుకుంది, కాదని చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆ పాత బంగళాలో ఇప్పుడు మ్యూజియం లేదు. బొమ్మలన్నిటినీ వేరే ఊళ్ళో పెద్ద భవనంలోకి మార్చారు. నిరుడు మా అబ్బాయి కారులో తీసుకెళ్ళాడు. చల్లటి గది, బొమ్మ ముందు తాడు, పైన అద్దం. అద్దంలో దీపాలూ, వెనక నిలబడ్డవాళ్ళ ఫోనులూ, నా తెల్లజుట్టూ కనపడుతున్నాయి గానీ పిల్ల ముఖం సరిగ్గా కనపడడం లేదు. అందరూ బొమ్మకు వీపు పెట్టి నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. వాళ్ళను తప్పుపట్టను, వాళ్ళ పిల్లల ముఖాలు వాళ్ళ దగ్గర వేలకొద్దీ ఉన్నాయి, ఉండనివ్వండి, ఏ తల్లికీ ఆ కొరత రాకూడదు. కానీ మావయ్యలాగా ఒక మనిషి ఎదురుగా నాలుగు రోజులు కూర్చుని, చెక్కు ఊడిన ఆవగింజంత చోటు కూడా వదలకుండా చూసేవాళ్ళు ఇప్పుడు ఎవరైనా ఉన్నారా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. ముందుకు జరగండమ్మా అని వెనకనుంచి ఎవరో అన్నారు.

తిరుగుదారిలో కళ్ళు మూసుకుని ఆ పిల్ల కళ్ళు గుర్తు చేసుకోవాలని చూశాను. ఉండ ఇచ్చినప్పుడు నా మొహంలోకి చూసిన చూపు నాకొక్కదానికే తెలుసునని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఎంత ప్రయత్నించినా నేను క్యాన్వాసు మీద వేసిన కళ్ళే వస్తున్నాయి, ఆమె కాదన్న ఆ కళ్ళే. అసలువి ఎలా ఉండేవని అడుగుదామంటే, రేపల్లెలో ఆమె పోయి అప్పటికే రెండేళ్ళయిందని తెలిసింది.